రెండు కొడితే ఛాయ్

నేను ఇంగ్లీషు చెప్పుకుని పొట్ట పోసుకునేదాన్ని. బుచ్చవ్వకు సంతకం తప్ప మరో అక్షరం రాదు. అయినా ఆ మధ్యాహ్నం మా ఇంట్లో పాత హాలీవుడ్ సినిమా చూస్తుంటే, నేను మాటను తెలుగు చేసేలోపే ఆవిడ నవ్వేసేది. నాకు ఒళ్ళు మండింది.

"ఇది ఆఫీసు గద బిడ్డా. గీ సారు గిప్పుడు కాయితం జూడకుంటనే రేపు రమ్మంటడు సూడు" అంది.

తెరమీద మేనేజరు కాగితం చూడకుండానే రేపు రమ్మన్నాడు.

బుచ్చవ్వ మన్సూరాబాద్‌లో మా ఇంటి ఓనరు. సర్కారు కొలువులో ఇరవై తొమ్మిదేళ్లుగా అటెండరు. నా పేరు విజయదుర్గ, మాది గుడివాడ. మేం ఆవిడ పై వాటాలో కిరాయికి ఉంటాం, నేను దిల్‌సుఖ్‌నగర్‌లో స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులు చెబుతాను. అప్పటికి సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది. బస్సుల్లేవు, నాకు క్లాసుల్లేవు, ఆవిడకు ఆఫీసు లేదు. పాఠం కోసం తెచ్చిన సినిమా సీడీ ఊరికే పడి ఉందని, "రండి బుచ్చవ్వగారూ, చూద్దాం" అని పిలిచాను.

"గారు ఏంది, నేనేమన్న కలెక్టర్‌నా" అంటూనే వచ్చింది. వస్తూ వస్తూ నాకు స్టీలు గ్లాసులో ఛాయ్ కూడా తెచ్చింది. మూడేళ్లుగా అలాగే తెస్తోంది, నేను తాగుతున్నాను.

సమ్మె మొదటిరోజే ఆవిడ ఆఫీసు ఎదుటి సమ్మె టెంటులో అందరి ముందూ మాటిచ్చి వచ్చింది. "సమ్మె అయ్యేదాంక కడప తొక్కను" అని నాతో కూడా చెప్పింది. "అయినా కడపలో మీకెవరున్నారండీ?" అని అడిగాను. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వింది. మేం గడప అనేదాన్ని వీళ్ళు కడప అంటారు, నాకేమో జిల్లా గుర్తొచ్చింది. ఆ సంగతి వీధి వీధంతా తిరిగి చెప్పి నా పరువు తీసింది.

సినిమాలో మేనేజరు బల్లమీద గంట నొక్కాడు. రెండుసార్లు. బుచ్చవ్వ సోఫాలోంచి ఠక్కున లేచి నిలబడి, "ఒస్తున్న సార్" అంది.

అన్నాక చుట్టూ చూసింది. ఇద్దరం ఒకరి మీద ఒకరం పడి నవ్వాం.

"ఏం జేయాలె బిడ్డా, అలవాటు. ఒకటి గొడితే నీళ్ళు, రెండు గొడితే ఛాయ్, మూడు గొడితే మనిషిని పిలవాలె. చెవు కంటె ముందు కాళ్ళే ఇంటయి."

సినిమాలో బంట్రోతు సన్నగా చీపురుపుల్లలా ఉన్నాడు. ఒకరోజు విసుగు పుట్టి ఆ గంటలో దూది కూరాడు. మేనేజరు నొక్కుతాడు, నొక్కుతాడు, ఎవరూ రారు. చివరికి లేచి గుమ్మం దాకా వచ్చి, తన ఆఫీసులో ఏది ఎక్కడుందో తెలియక బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. సరిగ్గా అక్కడ కరెంటు పోయింది. బొగ్గు గనులు కూడా సమ్మెలో ఉన్నాయి మరి.

చీకటి తెర వంక చూస్తూ కూర్చుంటే బుచ్చవ్వ ఫోను మోగింది. భానుమూర్తిగారు, వాళ్ళ ఆఫీసరు. మా వైపు మనిషే. ఆఫీసంతా సమ్మెలో ఉంటే ఒక్కడే వచ్చి కూర్చుంటున్నాడు.

"బుచ్చవ్వా, ఆఫీసు సీలు కనపడటం లేదు. ఒక్కసారి రా తల్లీ, హెడ్డాఫీసుకి కాగితం వెళ్ళాలి" అన్నాడు. నాక్కూడా వినపడింది.

"ఒస్తున్న సార్" అంది బుచ్చవ్వ. ఆయన ఫోను పెట్టేశాడు.

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నోరు అన్నది బిడ్డా, నేను అనలే" అంది.

చిక్కు నాకూ అర్థమైంది. మోకాలు పట్టేసి ఆవిడ అవస్థ పడుతుంటే, నాలుగేళ్ల కిందట ఇంటి దగ్గరున్న ఈ ఎల్బీనగర్ ఆఫీసుకు బదిలీ వేయించింది భానుమూర్తిగారే. ఇటు టెంటులో ఇచ్చిన మాట. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

"ఫోన్ చేసి రానని చెప్పేయండి" అన్నాను.

"ఒస్తున్న అంటిని గద. మాట పోయినంక మనిషి పోకుంటె ఎట్ల?" చెప్పులు వేసుకుంది. "నీ బండి తియ్యి."

స్కూటీ మీద తీసుకెళ్ళాను. ఆఫీసు గేటు దగ్గర ఆపగానే ఎదుటి టెంటులోంచి వాళ్ళ ఆఫీసు డ్రైవరు జానయ్య లేచి నిలబడ్డాడు. వెనకాల ఇరవై మంది.

"ఏంది బుచ్చవ్వా, లోపటికేనా?" అన్నాడు. మాట మామూలుగానే ఉంది కానీ చూపు అలా లేదు.

బుచ్చవ్వ గేటు వంక చూసింది, టెంటు వంక చూసింది. బండి దిగలేదు. నా భుజం తట్టి, "మూడు గొట్టు బిడ్డా" అంది.

"ఏం కొట్టాలండీ?"

"హారన్."

కొట్టాను, మూడుసార్లు. టెంటులో అందరూ మెడలు సాచారు. కాసేపటికి భానుమూర్తిగారు తలుపు తీసి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, మెట్లు దిగి, గేటు దాకా నడిచి వచ్చాడు.

"ఒచ్చిన సార్" అంది బుచ్చవ్వ. "కడప తొక్కనని మాటిచ్చిన. అందుకే మిమ్మల్నే పిలిపిచ్చిన, ఏమనుకోకుండ్రి. సీలు మీ బల్ల కుడిచేతి సొరుగులనే ఉంటది. నాలుగేండ్ల సంది మీరు ఆ సొరుగు తీయలే."

ఆయన నవ్వేశాడు. "ఈసారి గంట నాకే కొట్టావన్నమాట" అని లోపలికి వెళ్ళాడు. జానయ్య ఈల వేశాడు. టెంటంతా నవ్వింది, నేనూ నవ్వాను. బుచ్చవ్వ మాత్రం నా భుజం గట్టిగా పట్టుకుని ఉంది.

ఇంటికి వచ్చేసరికి కరెంటు వచ్చింది. సినిమా ఆగిన చోటునుంచి పెట్టాను. మేనేజరు ఎలాగోలా ఆ దూది సంగతి కనిపెట్టి, పీకేసి, తిరిగి కుర్చీలో కూర్చుని గంట నొక్కాడు. రెండుసార్లు.

నేను బుచ్చవ్వ వైపు చూశాను. కదలలేదు. మోకాలు నిమురుకుంటూ కాళ్ళు రెండూ సోఫా మీద పెట్టుకుని, వెనక్కి వాలి కూర్చుంది. మేనేజరు మళ్ళీ రెండు నొక్కాడు. అప్పుడు నా వైపు తిరిగింది.

"రెండు గొట్టిండు, ఇనపడలేదా బిడ్డా?"

మూడేళ్లుగా తాగిన స్టీలు గ్లాసులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. సిగ్గేసింది. లేచి వంటింటి వైపు నడిచాను.

"వస్తున్నా బుచ్చవ్వా" అన్నాను. గారు అనడం మరచిపోయాను.