వదులు మాస్టారు కొలిచిన గుర్రప్పిల్ల

వదులు మాస్టారు తన జన్మలో ఒక్క చొక్కా కూడా ఒంటికి అతికినట్టు కుట్టి ఎరగడు. ఎవరొచ్చి ఏం కుట్టమన్నా రెండంగుళాలు వదులు. ఇదేమిటని అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు: "పెరుగుతారు."

బడి పిల్లలకైతే సరే అనుకోవచ్చు. ఉద్యోగం నుంచి దిగిపోయిన పోస్టుమాస్టరుకు కోటు కుట్టాడు. దాని చేతులు ఆయన వేళ్ళ కొసలు దాటి వేలాడుతుంటే అప్పుడూ అదే మాట అన్నాడు.

"నాకు అరవై ఆరేళ్ళయ్యా. ఇంకా ఎటు పెరగమంటావు?"

"ఎటైనా పెరగొచ్చు సార్. అరవై ఆరుకే ఆశ వదులుకుంటారా?"

ఒకావిడ పరదాలు కుట్టించుకుంటే అవి నేలమీద మూరెడు పొర్లాయి. కిటికీ కూడా పెరుగుతుందా అని ఆవిడ నిలదీసింది. "ఇల్లు మారరా అమ్మా? అక్కడి కిటికీ పెద్దదైతే నన్నేగా తిట్టుకుంటారు" అన్నాడు మాస్టారు, సూదిలోకి దారం ఎక్కిస్తూ. ఆయన కుట్టిన గలీబులో రెండు దిండ్లు పట్టేవి. గాలి వీచిన రోజున ఆయన దగ్గర కుట్టించుకున్నవాళ్ళను వీధి చివర నుంచే గుర్తుపట్టొచ్చు. ముందు బట్టలు వెళ్ళేవి, వెనకాల మనుషులు వెళ్ళేవాళ్ళు.

అదే వీధిలో ఇంకో ఇద్దరు టైలర్లున్నారు. అద్దాల కొట్లు, ఒంటికి అతుక్కునే కుట్టు. అయినా జనం ఈయన దగ్గరికే పోయేవాళ్ళు. ఎందుకు పోతున్నారో అడిగితే తల గోక్కునేవాళ్ళు. కొలతలిచ్చి గుమ్మం దిగేటప్పుడు మనసెందుకో తేలిగ్గా ఉంటుందని మాత్రం అనేవాళ్ళు.

అలా తల గోక్కునేవాళ్ళలో బండాయన ఒకడు. తండ్రి వదిలిపోయిన గుర్రబ్బండి నడుపుకుంటాడు. అతని ప్యాంట్లన్నీ మాస్టారు కుట్టినవే. అన్నిటికీ కింద నాలుగు వేళ్ళ మడత. తన ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలని, ఎదిగే వయసు దాటాక మాస్టారు కొలిచి చెప్పాడు. ఆ ముక్క అతను దేవుడి మీద నమ్మకంలా దాచుకున్నాడు. బండి మాత్రం అతని తండ్రి కొలతకు కట్టినది. ఆయన ఆరడుగుల మనిషి. బండాయన అందులోకి ఎక్కాలంటే చెక్క పీట వేసుకోవాలి. ఎక్కి కూర్చున్నాక పీటను తాడుతో పైకి లాక్కోవాలి. బేరం దొరికిన ప్రతిచోటా ఈ తతంగం జరగవలసిందే. ఐదూ నాలుగున్న మనిషికి పీట ఎందుకు కావలసి వస్తోందని అతను ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. మనుషులు కొలతను నమ్మినంతగా కళ్ళను నమ్మరు.

ఇలా ఉండగా అతని ముసలి ఆడగుర్రం పిల్లను ఈనింది.

ఆ పిల్ల ఒళ్ళంతా కాళ్ళే. నాలుగు నెలలు వచ్చేసరికి దండెం మీది బట్టల అంచులు నమలడం నేర్చుకుంది. బండాయన భార్య వెనకాలే వంటింటి గుమ్మం దాకా వచ్చి, ఆమె కసిరితే తలుపు చాటున దాక్కునేది. తల దాక్కునేది గానీ మిగతా గుర్రమంతా బయటే ఉండేది.

అంతలో పొట్టి గుర్రాల బేరగాడు వచ్చాడు. పార్కుల్లో పిల్లలను ఎక్కించుకుని తిప్పడానికి దూరపు ఊళ్ళకు గుర్రాలను లారీలో తోలే మనిషి. పిల్ల చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"ఇది ఎదగదు అన్నా. నీ బండి నొగలకు అందదు. నాకిచ్చెయ్."

నొగలంటే గుర్రానికి రెండు పక్కలా వచ్చే కర్రలు. వాటికి అందాలంటే గుర్రం మూపు దగ్గర నాలుగడుగుల ఎనిమిదంగుళాలైనా ఉండాలి. తల్లి ఇంకో నాలుగేళ్ళు లాగితే గొప్ప. కొట్టంలో రెండు గుర్రాలకు చోటుంది, మూడోదానికి లేదు. పిల్ల పొడుగైతే తల్లి తర్వాత బండి అదే లాగుతుంది. పొట్టిదైతే నాలుగేళ్ళు మేపి చివరికి బండీ ఉండదు, పనీ ఉండదు.

"వచ్చే ఆదివారం పొద్దున వస్తా. తేల్చి చెప్పు" అని బేరగాడు వెళ్ళిపోయాడు.

బండాయనకు ఆ రోజు నుంచి అన్నం సయించలేదు. గుర్రప్పిల్ల ఎంత ఎత్తు పెరుగుతుందో ఎవరిని అడగాలి? అందర్నీ అడిగాడు. అదే పొరపాటు. నాడాలు కొట్టేవాడు గిట్టలు చూసి పెద్దదవుతుందన్నాడు. పక్కింటాయన చెవులు చూసి చిన్నదవుతుందన్నాడు. తల్లి పొడుగ్గా ఉందిగా అని ఒకరన్నారు. మరి తండ్రో అని ఇంకొకరన్నారు. తండ్రి ఎవరో ఆ తల్లికే తెలియాలి, అది చెప్పే రకం కాదు.

చివరికి పశువుల ఆసుపత్రి కాంపౌండరు ఒక లెక్క చెప్పాడు. "ముందు కాలి మోకాలి మధ్య నుంచి గిట్ట మొదలుదాకా కొలువు బాబూ. ఎన్ని అంగుళాలుంటే దాన్ని నాలుగుతో గుణించు. పెద్దయ్యాక అంత ఎత్తు. పద్నాలుగు వచ్చిందనుకో, నీ నాలుగడుగుల ఎనిమిదీ వచ్చినట్టే."

కొలవడం అనగానే గుర్తొచ్చేది మాస్టారే. మర్నాడు ఆయన మెడలో టేపుతో వచ్చాడు. బండాయన ముఖంకేసి ఒకసారి చూశాడు. ఏదో మరిచిపోయానంటూ కొట్టుకు తిరిగి వెళ్ళి ఇంకో టేపు తెచ్చుకున్నాడు. గుర్రప్పిల్ల ముందు మోకరిల్లి, "కదలకమ్మా, ఊపిరి వదులు" అన్నాడు, మనుషులకు చెప్పినట్టే. అది ఆయన కాలరు నమలడం మొదలుపెట్టింది.

"పదిహేను" అన్నాడు మాస్టారు.

బండాయన వేళ్ళమీద లెక్కేశాడు. అరవై. అంటే ఐదడుగులు. ఇంకోసారి లెక్కేశాడు. మళ్ళీ ఐదడుగులే. ఆ సాయంత్రం ముసలి గుర్రానికి రెండు పిడికిళ్ళు ఉలవలు ఎక్కువ పడ్డాయి.

బుధవారం బేరగాడు దారిన పోతూ ఆగాడు. ఐదడుగుల సంగతి విని పళ్ళికిలించి, జేబులోంచి ఇనప టేపు తీసి కాలు కొలిచాడు. పదమూడు.

"పదిహేను ఎక్కడ కొలిచావన్నా, నీ కాలికా?"

బండాయన పిల్లను తోలుకుని కాంపౌండరు దగ్గరికి పరుగెత్తాడు. అక్కడా పదమూడే. అంటే నాలుగడుగుల నాలుగు. అక్కణ్ణుంచి మాస్టారి దగ్గరికి వచ్చాడు. మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ కొలిచాడు.

"పదిహేనుంబావు. చూశావా, నాలుగు రోజుల్లో పావంగుళం పెరిగింది."

బండాయన ఇంటికొచ్చి కూలబడ్డాడు. "ఏమే, మన గుర్రానికి ఆసుపత్రి వీధిలో ఒక కాలు, టైలర్ల వీధిలో ఇంకో కాలు ఉన్నాయే."

"నాలుగు కాళ్ళున్నాయి కదండీ. వేరే కాలు కొలిచారేమో" అంది భార్య.

అతను అదీ ఆలోచించాడు. నాలుగు కాళ్ళూ పక్కపక్కన పెట్టి చూడబోతే పిల్ల కూర్చుండిపోయింది. ఒకసారి పదిహేను నిజమనిపించేది, ఒకసారి పదమూడు. పద్నాలుగు చేసుకుని సర్దుకుపోదామని కూడా ఒక పూట అనుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం, ఆ టేపు తీసుకెళ్ళి తనే కొలుచుకుందామని కొట్టుకు వెళ్ళాడు. మాస్టారు వెనక గదిలో భోజనం చేస్తున్నాడు. బండాయన బల్ల సొరుగు లాగాడు. లోపల ఒకటి కాదు, అయిదు టేపులు చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. ఒక్కోదాని కొసకు ఒక్కో రంగు దారం కట్టి ఉంది. తెల్ల దారం టేపు తీసి చూశాడు. అంకెలు రెండుతో మొదలయ్యాయి. ఎర్ర దారం టేపు మూడుతో మొదలైంది. నల్ల దారంది ఐదుతో.

మాస్టారు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. సొరుగు చూశాడు. బండాయనను చూశాడు.

"ఇవేంటి మాస్టారూ?"

"టేపులు."

"ఇది మూడుతో మొదలవుతోంది. ఒకటీ రెండూ ఏవి?"

"కత్తిరించాను."

"ఎందుకు?"

మాస్టారు కుట్టుమిషను ముందు కూర్చున్నాడు, తొక్కలేదు. "నీకు పన్నెండేళ్ళప్పుడు మీ నాన్నకు జబ్బు చేసింది, గుర్తుందా? ఏడాది పాటు మీ ఇంట్లో ఒక పూటే పొయ్యి వెలిగింది. బడి బట్టలకని మీ అమ్మ నిన్ను తీసుకొచ్చింది. ఆ తలుపు దగ్గర నిలబెట్టి కొలిచాను. అంతకు ముందేడు ఎంతో అంతే. వెంట్రుకవాసి పెరగలేదు. ఎంతుంది అని మీ అమ్మ అడిగింది. నేను నోరు విప్పలేక, కత్తెర కోసం లోపలికి వెళ్ళి, టేపు ఒక అంగుళం కత్తిరించుకొచ్చి మళ్ళీ కొలిచాను. అదే తెల్ల దారం. ఆవిడ నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళింది."

"మరుసటేడు?"

"అప్పుడూ పెరగలేదు. ఎర్ర దారం."

బండాయన చేతిలో నల్ల దారం టేపు ఉంది. ఐదుతో మొదలయ్యే టేపు. అతను దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"అయితే నేను ఐదడుగుల నాలుగంగుళాలు కాదా?"

"ఐదు."

"ఐదూ?"

"ఐదే. పైన ఏమీ లేదు."

"బండి లైసెన్సు మీద కూడా ఐదూ నాలుగని రాయించాను మాస్టారూ."

"ఎవరైనా కొలిచారా?"

"లేదు."

"మరింకేం."

ఆ టేపులు బండాయన ఒక్కడితో ఆగలేదు. ఎదగని పిల్లలకు తెల్లది, ఎర్రది. జబ్బుపడి లేచి, ఒళ్ళు చేశానో లేదో అని నడుము చూసుకునే ఆడవాళ్ళకు నీలం. ముసలితనంలో కుంగిపోతున్నానని దిగులుపడే పోస్టుమాస్టరుకు పచ్చది. పైకి ఏ కొలత చెప్పాడో దానికే కుట్టాలి కాబట్టి వాళ్ళ బట్టలు వదులయ్యేవి.

"మరి పరదాలు? దిండు గలీబులు?"

"నలుగురికే వదులైతే అనుమానం వస్తుందిరా. అందరికీ వదులైతే అలవాటంటారు."

బండాయనకు కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. చివరికి కోపాన్నే ఎంచుకున్నాడు. "మనుషులకు సరే. గుర్రానికెందుకు పెట్టారు ఎర్ర దారం? అది ఏడ్చిందా?"

"నువ్వు ఏడ్చేలా ఉన్నావు. ఆ రోజు మీ అమ్మ ముఖం అచ్చం అలాగే ఉంది. చెయ్యి దానంతటదే పోయింది."

"నాలుగేళ్ళు మేపాక నొగలకు అందకపోతే నా గతేంటి మాస్టారూ?"

"అదొక్కటీ ఆలోచించలేదు."

మాస్టారు లేచి, మెడలో వేలాడుతున్న ఏ దారమూ లేని టేపు తీసుకుని బయటికి నడిచాడు. వీధిలో నిలబెట్టిన బండి నొగలు కొలిచాడు. చక్రాలు కొలిచాడు. మెట్టు దగ్గర వేలాడుతున్న పీటను పట్టుకుని చూశాడు.

"ఈ బండి ఎవరి కొలతకు కట్టారు?"

"నాన్న కొలతకు."

"నడిపేదెవరు?"

"నేను."

"ఆరడుగుల ఆయన బండిని ఐదడుగుల వాడివి ఇరవై ఏళ్ళుగా పీటేసుకుని ఎక్కుతున్నావు. ఇప్పుడు గుర్రానికీ పీట వేయిస్తావా? బట్ట సరిపోకపోతే నేను మనిషిని కత్తిరించను. బట్టనే కత్తిరిస్తాను."

"మీరు బట్ట కత్తిరించడం ఎవరు చూశారు మాస్టారూ?" అన్నాడు బండాయన. అన్నాక నవ్వొచ్చింది. ఆ వారంలో అదే మొదటి నవ్వు.

ఆదివారం పొద్దున బేరగాడు తాడు పట్టుకునే వచ్చాడు.

"తేలిందా అన్నా?"

"తేలింది. పదమూడే. నువ్వన్నదే రైటు."

"మరి ఇవ్వు."

"ఇవ్వను. చిన్న చక్రాలు వేయించి బండిని దించుకుంటా."

బేరగాడు తాడు చుట్టుకుంటూ భార్యాభర్తలిద్దర్నీ ఎగాదిగా చూశాడు. "గుర్రం కోసం బండిని పొట్టి చేసేవాణ్ణి ఎక్కడా చూడలేదు."

"చూశారుగా" అంది బండాయన భార్య. గుర్రప్పిల్ల ఆమె వెనక నుంచి తాడు కొసను నమలసాగింది.

ఆ రాత్రి బండాయన భార్యకు అసలు ఎత్తు చెప్పేశాడు. ఆమె, "నాకు పెళ్ళినాడే తెలుసు. నా భుజం పక్కనే కదండీ నిలబడ్డారు" అంది.

నాలుగేళ్ళకు గుర్రం ఎంత పెరిగిందంటే నాలుగడుగుల ఐదు. పదిహేను లెక్కకూ రాలేదు, పదమూడు లెక్కకూ రాలేదు. కాంపౌండరు మూడుసార్లు కొలిచి, తన లెక్కను తనే అనుమానిస్తూ వెళ్ళిపోయాడు. వడ్రంగి బండికి చిన్న చక్రాలు వేసి నొగలు దించాడు. గుర్రం వాటి మధ్య ఇమిడిపోయింది. బండాయన నేలమీద నుంచి ఒక్క అంగలో పైకెక్కి కూర్చున్నాడు. పీట మీద ఇప్పుడు అతని భార్య కూరలు తరగడానికి కూర్చుంటుంది.

ఆ ఏడు మాస్టారు ఎన్నడూ లేనిది తనకోసం ఒక కోటు కుట్టుకోవాలనుకున్నాడు. మనిషి వెన్ను వంగింది. సొంత కొలత ఎవరూ తీసుకోలేరు గదా. బండాయనకు కబురు పెట్టి, తలుపు దగ్గర గోడకేసి తిరిగి నిలబడ్డాడు. "ముందు ఎత్తు చూడు. వయసులో ఉండగా ఐదూ ఐదు."

వెనక సొరుగు తెరుచుకున్న చప్పుడైంది. కొంచెంసేపు వెతుకులాట. టేపు తల మీది నుంచి మడమ దాకా జారింది.

"ఐదూ ఆరు" అన్నాడు బండాయన. "అంగుళం పెరిగారు మాస్టారూ."

మాస్టారు గోడ వైపు నుంచి తిరగలేదు. "ఏ దారంరా?"

"దారమా? ఏ దారం?"

మాస్టారు కాసేపు అలాగే నిలబడ్డాడు. వీలైనంత నిటారుగా.

"అయితే రెండంగుళాలు వదులుగానే కుట్టాలి" అన్నాడు.