మిద్దె మీద కృప

ఆ రోజుల్లో నాకు పెళ్లి కాలేదు. ఈ ముక్క ముందే చెప్పుకోవడం మంచిది. ఎందుకంటే పుంగనూరులో ఒక ఆదివారం పొద్దున నేను గది తలుపు తీసేసరికి, నా భార్యకు సీమంతం చేయడానికి నలుగురు ముత్తయిదువులు పళ్లేలతో మెట్ల మీద నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు మా ఇంటామె, అంటే నాకు ఆ గది అద్దెకిచ్చిన అమ్మ. మోకాళ్ల నొప్పులతో గడప దాటడమే గండంగా ఉండే మనిషి, ఒక చెయ్యి గోడకూ ఒక చెయ్యి చెల్లెలి భుజానికీ ఆనించి మిద్దె ఎక్కి వచ్చింది. వెనక ఇద్దరు పొరుగింటి అమ్మలు. పళ్లేల్లో పసుపు, కుంకుమ, ఆకుపచ్చ గాజులు, రవికె గుడ్డ, పూలు. నేను లుంగీలో, చిల్లుల బనియన్లో ఉన్నాను. నోట్లో బ్రష్షు ఉంది. (ఆదివారం ఆ వేళకు నేను చర్చిలో ఉండాలి. ఆ సిగ్గు వేరే.)

“కృపను పిలువప్పా,” అంది ఇంటామె ఆయాసపడుతూ. “ఎంత సిగ్గయినా ఏడో నెల వచ్చినాక కూడా కిందికి దిగకుంటే ఎట్ల? ఆయమ్మి రాకుంటే మేమే వచ్చినాం.”

నా వెనక గదిలో చాప, ట్రంకు పెట్టె, మోగుతున్న రేడియో తప్ప ఇంకేమీ లేవు. రేడియోలో ఒకావిడ పాడుతోంది. ఇంటామె తల పక్కకు వంచి ఆ గొంతు విని, చెల్లెలి వంక చూసి తృప్తిగా నవ్వింది.

ఇదెలా జరిగిందో చెప్పాలంటే మా నాయన దగ్గర మొదలుపెట్టాలి. ఆయన కుప్పం అవతల, గుడుపల్లె చుట్టుపక్కల పల్లెల్లో సువార్తికుడు. సైకిలు మీద ఊరూరూ తిరిగి, పిలిచినవాళ్ల ఇంట్లో ప్రార్థన చేసి, పిలవనివాళ్లకు నమస్కారం పెట్టి వచ్చేవాడు. ఆయన నోట కృప అనే మాట ఇంట్లో మనిషి పేరులా దొర్లేది. బియ్యం ఉన్నాయా అంటే కృప ఉండాది అనేవాడు. అమ్మకు జ్వరం తగ్గిందా అంటే కృప తగ్గించింది అనేవాడు. ఒకసారి సైకిలు పంక్చరై ఎండలో గుడుపల్లె నుంచి నడిచి వచ్చినప్పుడు కూడా కృపే నడిపించిందని అమ్మకు చెప్పాడు. (సైకిలు తోసింది మాత్రం నేను.) చిన్నప్పుడు ఆ మాట నాకు అన్నంలో ఉప్పులా అలవాటే. కాలేజీకి వచ్చాక మాత్రం సిగ్గు మొదలైంది. స్నేహితుల ముందు నాయన ఎక్కడ స్తోత్రం అంటాడో, ఎక్కడ కృప అంటాడో అని నా ప్రాణం గిలగిల్లాడేది.

పత్రికలో చేరాక ఆ సిగ్గు ముదిరింది. పుంగనూరు విలేకరిగా నేను పంపిన మొదటి వార్తల్లో ఒకటి లారీ బోల్తా. రాసి, కవర్లో పెట్టి, మదనపల్లె బస్సు డ్రైవరు చేతికిచ్చాను. అలవాటు కొద్దీ చివర ‘కృప వల్ల ప్రాణనష్టం తప్పింది’ అని రాసినట్టు నాకే తెలియదు. మరుసటి రోజు మదనపల్లె ఆఫీసులో డెస్కు పెద్దాయన అందరూ వినేట్టు అడిగాడు, “ఏమబ్బా, ఈ కృప ఎవరు? లారీ క్లీనరా?” ఆ తర్వాత కొన్నాళ్లు టీ కొట్టు దగ్గర నన్ను చూడగానే, క్లీనరు కృప బాగున్నాడా అని పలకరించేవాళ్లు. ఆ మాట ఇక నా కలం నుంచి గానీ నోటి నుంచి గానీ రాకూడదని ఒట్టు పెట్టుకున్నాను. అది మనిషి పేరుగా కూడా చెల్లుతుందని వాళ్లు నాకు అంత బాగా నేర్పినా నేను నేర్చుకోలేదు. అదే ఇప్పటికీ నాకు ఆశ్చర్యం.

పుంగనూరు విలేకరి పుంగనూరులోనే కాపురం ఉండాలని ఆఫీసు షరతు. లేకపోతే ఇంకొకరిని చూసుకుంటామన్నారు. గదులకేమో బ్రహ్మచారి పనికిరాడు. ఒక వీధిలో పెళ్లయిందా అని అడిగారు, ఇంకో వీధిలో కులం అడిగారు, ఇంకోచోట నాకు తోడొచ్చిన నాయన సంచిలో బైబిలు చూసి గది పోయిన వారమే ఇచ్చేశామన్నారు. ఆఖరికి చింతపండు మండీ ఆయన ఇల్లు మిగిలింది. కింద ఇల్లు, పక్కన చింతపండు గోడౌను, దాని మీద ఒంటి గది. మండీ ఆయన చాలా తక్కువ మాట్లాడే మనిషి. సంసారులకే ఇస్తామని ఒక్కమాటలో చెప్పాడు. అంతకు ముందు ఒక ఒంటిగాడికి ఇస్తే, వాడు మిద్దె మీద పేకాట క్లబ్బు పెట్టాడట.

నాకు పెళ్లి కాలేదని చెప్పడానికి నేను నోరు తెరుస్తుండగా నాయన ముందుకొచ్చి, అలవాటైన నిండు నమ్మకంతో అన్నాడు, “వీడు ఒంటిగా ఉంటాడనుకోవద్దప్పా. కృప ఎప్పుడూ వీనితోనే ఉంటాది. మేము యాడికి పోయినా కృప మాకంటే ముందే పోయుంటాది.”

నేను సిగ్గుతో చచ్చి, తల వంచుకుని కాలి బొటనవేలు చూసుకుంటున్నాను. కొత్త పెళ్లికొడుకు అలాగే ఉంటాడని మండీ ఆయనకు అనిపించి ఉండాలి. లోపలి నుంచి ఆయన భార్య, మా ఇంటామె, తొంగిచూసి, “అట్లయితే ఇయ్యండి, పాపం,” అంది. గది దొరికింది. కృపే ఇప్పించిందని నాయన బస్టాండు దాకా చెబుతూనే ఉన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజమని నాకు ఏడు నెలల తర్వాత గానీ తెలియలేదు.

మన భాషలో ఒక చిత్రం ఉంది. ఆడమనిషి వచ్చినా వచ్చింది అనే అంటాం, వాన వచ్చినా వచ్చింది అనే అంటాం. ఆ వెసులుబాటులో మా ఇంటామే నేనూ ఏడు నెలలు హాయిగా మాట్లాడుకున్నాం. పొద్దున నేను దిగేసరికి ఆమె వాకిట్లో బియ్యం ఏరుతూ, కృప బాగుండాదా అని అడిగేది. పాపం, నాయన మాట పట్టుకుని మనవాళ్ల పద్ధతిలో పలకరిస్తోంది కాబోలు అనుకునేవాణ్ని. వీధిలో ఎవరైనా వింటారేమోనని అటూ ఇటూ చూసి, బాగుండాదమ్మా అని గొణిగి జారుకునేవాణ్ని. అంత గొణుగుడూ అంత పరుగూ చూసి ఆమెకు ఏమనిపించేదో ఇప్పుడు ఊహించుకోగలను.

ఒకరోజు ఆమె దారికడ్డంగా కూర్చుని, “కృప బయటికే కనపడదే, యాలప్పా?” అంది.

నిజమే, నాలో కృప బయటికి కనపడక చాలాకాలమైంది. చర్చికి పోవడం మానేశాను, పోలీస్ స్టేషన్ దగ్గర అబద్ధాలాడుతున్నాను, టీ కొట్టు దగ్గర సిగరెట్టు నేర్చుకుంటున్నాను. హిందువుల ఇంటి ఆడమనిషి పసిగట్టేంతగా దిగజారానా అని కుమిలిపోయాను. “తప్పు నాదేనమ్మా,” అన్నాను. “నేను దానికి తగినోన్ని కాను.”

ఆమె నన్ను కిందినుంచి మీది దాకా చూసింది. “అది తెలుస్తానే ఉండాది,” అంది.

అన్నం సంగతి చెప్పలేదు. రాసినదాంట్లో అచ్చయినంత కొలిచి డబ్బులిచ్చే ఉద్యోగం నాది. అచ్చయ్యేది తక్కువ, ఆకలయ్యేది ఎక్కువ. రెండో నెల నుంచో ఏమో, మధ్యాహ్నం నేను దిగేసరికి మెట్ల కింద మూత పెట్టిన గిన్నెలు ఉండేవి. పెద్ద పెద్ద సంగటి ముద్దలు, ఊరుబిండి పచ్చడి, ఉలవచారు, పండగైతే పులిగోర. ఒక మనిషికి ఇంత పెడుతున్నారంటే పత్రిక అంటే ఈ ఇంట్లో ఎంత గౌరవమో అనుకున్నాను. మొదట్లో సగం మిగిలేది. తర్వాత మిగల్లేదు. నా చొక్కా గుండీలు బిగిసాయి. కృప తిండిలేక ఎండిపోతోందేమోనని, నేను మాత్రం ఉబ్బుతున్నానని కింద బాధపడుతున్నారని నాకేం తెలుసు? గిన్నెలు పెద్దవయ్యాయి. నేనూ వాటికి తగ్గట్టే ఎదిగాను.

ఎండాకాలం పోయాక నాయన ఒకసారి చూడ్డానికి వచ్చాడు. నేను ఊళ్లో లేను. మళ్లీ కుప్పం బస్సు అందుకోవాలన్న తొందరలో, నిలబడే ఇంటామెకు దండం పెట్టి, వీని గురించి మాకు దిగుల్లేదు తల్లీ, కృప నిండుగా ఉండాది అని చెప్పి వెళ్లిపోయాడట. ఆ సాయంత్రం నేను రాగానే ఆమె మొహం వెలిగిపోతోంది. ఎన్నో నెలప్పా అని అడిగింది. గదిలో దిగి ఎన్నాళ్లయిందని అడుగుతోందనుకుని, అద్దె పెంచుతారేమోనని భయపడుతూ, ఏడో నెల నడస్తాందమ్మా అన్నాను. ఆ మరుసటి రోజు గిన్నెలతో పాటు పుల్ల మామిడికాయ ఊరగాయ, నువ్వుల చిమ్మిలి వచ్చాయి. తిన్నాను.

ఇప్పుడు మళ్లీ ఆ ఆదివారం దగ్గరికి. నోట్లోంచి బ్రష్షు తీసి, కృప అనే మనిషి లేదమ్మా అన్నాను. మాకు కృప అంటే దేవుని దయ అన్నాను. అడక్కుండా, అర్హత లేకుండా దొరికేది అన్నాను. నాయన పల్లె పల్లెకూ పోయి చెప్పిన మాట జీవితంలో మొదటిసారి నా నోటితో నేను చెప్పింది ఆ మెట్ల మీద, నురగ కారుతున్న మూతితో. ఇంటామె మెల్లగా పై మెట్టు మీద కూలబడింది.

“అట్లయితే నేను పెట్టిన సంగటి?”

“నేనే తిన్నానమ్మా.”

“చిమ్మిలి?”

“అదీ నేనే.”

ఆమె చెల్లెలు కొంగు నోటికడ్డం పెట్టుకుంది. పొరుగామె నా బనియను వంక చూసి, “ఏడో నెల మాట నిజమే లేక్కా,” అంది. ముగ్గురూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ఆ నవ్వు నేను ఓర్చుకోగలను. ఇంటామె నవ్వలేదు. “ఇంట్లో ఆడపిల్ల అలికిడి ఉండాదనుకొంటి గదప్పా,” అంది. “కాన్పు బాగా కావల్లని గంగమ్మకు మొక్కుకొంటి.” గాజుల పళ్లెం మీద కొంగు కప్పి, చెల్లెలి చెయ్యి పట్టుకుని, ఒక్కో మెట్టూ కూర్చుని కూర్చుని దిగింది. ఆమె కూతుళ్లిద్దరూ దూరం ఊళ్లకు కాపురాలకు పోయారని, అంతకాలం ఆ ఇంట్లో ఉండి కూడా నాకు తెలియదు. నేనెప్పుడైనా నిలబడి రెండు మాటలు మాట్లాడితే గదా. నా సిగ్గు అంతా నన్ను ఎవరు చూస్తున్నారన్న దాని మీదే పోయింది.

ట్రంకు సర్దుకున్నాను. గది పోతే పుంగనూరు పోతుంది, పుంగనూరు పోతే పత్రిక పోతుంది. మళ్లీ కుప్పం బస్సెక్కి ఇంటికి పోయి నాయన సైకిలు తోసుకోవాలి. సాయంత్రం దీపాల వేళకు మండీ ఆయన వచ్చాడు. లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి, కట్టిన ట్రంకు చూశాడు.

“ఒంటిగాళ్లకు ఇయ్యమని నీకు తెలుసు గదా?”

తెలుసన్నాను.

“మీ నాయన ఆ పొద్దు నాతో అబద్ధం చెప్పినాడా?”

లేదప్పా, ఆయన నిజమనుకునే చెప్పినాడు, ఆయనెప్పుడూ అదే చెబుతాడు అన్నాను.

“ఆయన సంగతి వదిలెయ్. నిన్నడుగుతాండా. కృప నీతో ఉండాదా, లేదా?”

ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. చర్చిలో అందరితో కలిసి ఆమేన్ అంటాం, అక్కడితో సరిపోతుంది. ఇక్కడ చింతపండు మరకల చేతులతో ఒక వ్యాపారి నిలబడి, తూకం అడిగినట్టు అడుగుతున్నాడు. ఉండాది అంటే గది కోసం అన్నట్టుంటుంది. లేదు అంటే నాయనను అబద్ధాలకోరును చేసినట్టు. నా పొట్ట వంక చూసుకున్నాను. ఆ కండంతా ఎక్కడిది? నేను సంపాదించింది కాదు, నన్ను చూసి పెట్టింది అసలే కాదు. నాయన రోజూ చెప్పే మాటకు అర్థం నేను ఇన్నాళ్లూ ఊరుబిండి నంజుకుని తింటున్నాను.

“ఉండాదప్పా,” అన్నాను. “నేను చూసుకోలేదు గానీ, ఉండాది.”

ఆయన కట్టిన ట్రంకు వంక ఇంకోసారి చూశాడు. మొహంలో ఒక్క గీత కూడా కదల్లేదు.

“అట్లయితే ఇద్దరుండారు,” అన్నాడు. “ఉండండి.” అని దిగిపోయాడు.

అప్పటిదాకా నన్ను నువ్వు తప్ప ఇంకో మాట అనని మనిషి ఆ ఒక్కసారి ఉండండి అన్నాడు. మరుసటి రోజు పొద్దున మళ్లీ నువ్వు అనే పిలిచాడు. ఆ ‘ఉండండి’ నాకిచ్చిన మర్యాదా, వెటకారమా, లేక నిజంగానే ఇద్దరికి చెప్పాడా? చాలా ఏళ్ల తర్వాత మదనపల్లెలో, టమాటా మార్కెట్ దగ్గర ఆయన కనిపించాడు. అడుగుదామని రోడ్డు దాటి వెళ్లాను. అప్పటికి నేను వయసు మళ్లుతున్న జర్నలిస్టును, ఎవరినైనా ఏమైనా అడగగలనని పేరున్నవాణ్ని. ఆయన టమాటా ధర చెప్పాడు, ఇంటామె మోకాళ్ల సంగతి చెప్పాడు, అంతలో బస్సొచ్చింది. నేను అడగలేదు. ఆయన ఇప్పుడు లేడు.