ఉప్పు పానకం

నా చిన్నప్పుడు శ్రీరామనవమి పానకం అంటే మా పెద్దమ్మ చేతి పానకమే. జగ్గయ్యపేటలో మా వీధి చివర రామాలయం ఉండేది. అక్కడ కల్యాణం ఎవరు చేయించినా, పందిరి ఎవరు వేయించినా, గంగాళంలో బెల్లం కలిపేది మాత్రం ఆవిడే. మిరియాలు, యాలకులు తనే దంచేది. శొంఠి ఒకపాలు ఎక్కువ వేసేది. ఘాటు గొంతులో దిగకపోతే అది బెల్లం నీళ్లే గాని పానకం కాదనేది.

నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. పెళ్లి కూడా తొందరగా చేశారు, అందుకే నలభై దాటీ దాటకముందే అమ్మమ్మనయ్యాను. పుస్తకాల్లో రాసేంత చదువు నాకు లేదు. ఈ సంగతి మాత్రం రాసి ఉంచాలనిపించింది. తొంభైలు మొదలైన కొత్తలో జరిగింది ఇది.

గుడి వెనక ఒక సందు ఉండేది. బజార్లు ఊడ్చేవాళ్లు, సున్నపురాయి గనుల్లో కూలికి వెళ్లేవాళ్లు అందులో కాపురాలుండేవారు. సందు మొత్తానికీ ఒకటే బోరింగు. అందులో వచ్చేవి ఉప్పు నీళ్లు. ఆ నీళ్లలో కందిపప్పు పొద్దున పెడితే మధ్యాహ్నానికి కూడా ఉడికేది కాదు. గుడి ఆవరణలో మోటారు పెట్టిన బోరు నుంచి మాత్రం కమ్మటి నీళ్లు వచ్చేవి. మధ్యలో ఉన్నది ఒక్క ప్రహరీ గోడ. భూమి లోపల నీళ్ల తీరు అలాగే ఉంటుందట, జానెడు ఇవతల తీపి, జానెడు అవతల ఉప్పు.

గోడకు అవతలి వైపు ఒక కుళాయి పెట్టించమని ఆ సందు ఆడవాళ్లు ఎప్పటినుంచో అడుగుతున్నారు. మా పెద్దమ్మ కూడా భజనకు వచ్చే ఆడవాళ్లందరినీ వెంటబెట్టుకుని గుడి కమిటీ పెద్దగారి దగ్గరకు వెళ్లింది. ఆయనకు ఎరువుల కొట్టు ఉండేది. చెడ్డమనిషి కాదు. బడి తెరిచే రోజుల్లో లేనివాళ్ల పిల్లలకు పలకలు కొనిపెట్టేవాడు. కుళాయి మాట ఎత్తితే మాత్రం, చూద్దాం చెల్లెమ్మా అనేవాడు. మోటారు కాలిపోతుందనేవాడు. కుళాయి దగ్గర బిందెల తగువులు గర్భగుడిలోకి వినపడతాయనేవాడు. చివరికి ఒకసారి, "ఉప్పు నీళ్లంటే ఏముందిలే, కాస్త ఉప్పగా ఉంటాయి. వాళ్లకి అలవాటే గదా" అన్నాడు. పెద్దమ్మ ఆ మాట విని ఇంటికి వచ్చేసింది.

ఆ ఏడు నవమి పొద్దున్నే నా చేతికి స్టీలు బిందె ఇచ్చింది. "సందులోకెళ్లి బోరింగు నీళ్లు పట్టుకురా. వాళ్లు తాగేవే తేవాలి. వేరేవి ఇస్తే తీసుకోబాకు" అంది.

బోరింగు ఎదురింట్లో ఉండే అక్క మా వీధి ఊడ్చేది. చంకలో పసిబిడ్డతో వచ్చి నన్ను ఆపింది.

"ఈ నీళ్లెందుకు పాపా?"

"పానకానికంట అక్కా."

"దేవుడి పానకానికా? వద్దమ్మా, పాడైపోద్ది. కూచో, మిల్లు కాడికెళ్లి మంచినీళ్లు తెచ్చిస్తా."

"పెద్దమ్మ ఇవే తెమ్మంది."

ఆమె మొహం మాడిపోయింది. "రుచి తేడా వస్తే మమ్మల్నే అంటారు. సందోళ్లే దేవుడి పానకం పాడుచేశారంటారు. ఇక ఆ కుళాయి మాట కూడా ఎత్తనీరు" అంది. అయినా బిందె నన్ను మోయనివ్వలేదు. బిడ్డను పక్కింట్లో ఇచ్చి తనే ఎత్తుకుని గుడి వెనక గేటు దాకా వచ్చింది. లోపలికి రమ్మంటే ఇక్కడే ఉంటాలెండి అంది. పెద్దమ్మ బిందె అందుకుని, "మాటొస్తే నేను పడతా. నువ్వు మాత్రం ఎటూ పోబాకు, ఇక్కడే నిలబడు" అని చెప్పింది.

జనానికి పంచే పానకం ఎప్పటిలాగే గుడి నీళ్లతో కలిపింది. బోరింగు నీళ్లతో విడిగా ఒక గిన్నెడు కలిపింది. అదే బెల్లం, అవే మిరియాలు. రెండింటినీ స్వామి ముందు పెట్టించింది. పూజారిగారు రెండింటికీ నైవేద్యం పెట్టారు.

కల్యాణం అయ్యాక చిన్న గిన్నె తీసుకుని కమిటీ వాళ్ల వైపు నడిచింది. వాళ్లకు ఇవ్వకముందే తను ఒక గ్లాసు నిండా పోసుకుని గుటగుటా తాగింది. తర్వాత నాకు పోసింది. ముందు శొంఠి తగిలింది, దాని వెనక బెల్లం. ఆ రెండూ దాటిపోయాక అడుగు నుంచి ఉప్పు లేచింది, తుప్పు పట్టిన ఇనుము నాకినట్టు. పెద్దమ్మ నా వైపే చూస్తోంది. మింగేశాను.

కమిటీ పెద్దగారు గ్లాసు కళ్లకద్దుకుని ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. అక్కడితో ఆగిపోయాడు. బుగ్గలు ఉబ్బాయి. ప్రసాదం ఉమ్మకూడదు. ఎదురుగా స్వామి, చుట్టూ పందిరి నిండా జనం. కళ్లలో నీళ్లు తిరుగుతుండగా ఎలాగో మింగాడు.

"ఇదేంటి చెల్లెమ్మా, బెల్లం అనుకుని ఉప్పు వేశావా?"

"బెల్లం ఎప్పటికన్నా ఎక్కువే పడింది అన్నయ్యగారూ. నీళ్లే గోడ అవతలివి."

కమిటీలో ఇంకొకాయన ఇంతెత్తున లేచాడు. "ఎవరిచ్చారు ఆ నీళ్లు? దేవుడి పానకంలో పోస్తారా?" అంటూ గేటు వైపు చూశాడు. అక్కడున్న అక్క చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తెమ్మంది నేను, కలిపింది నేను, అందరికన్నా ముందు తాగింది నేను. ఏదన్నా అంటే నన్నను" అంది పెద్దమ్మ. "స్వామికి కూడా నైవేద్యమైంది. ఆయనేమీ అనలేదు."

ఎవరో ఫక్కున నవ్వి ఆపుకున్నారు. కమిటీ పెద్దగారు నవ్వలేదు. గ్లాసులోకి చూస్తూ నిలబడ్డాడు. ఇంకా సగం పైన ఉంది. స్తంభం పక్కన పెట్టేసినా అడిగేవాళ్లు లేరు. ఆయన మాత్రం కొంచెం కొంచెంగా మొత్తం తాగాడు. తాగి గేటు దాకా నడిచాడు. ఆమెతో ఆయన మాట్లాడటం నేను చూడటం అదే మొదలు.

"పిల్లలక్కూడా ఇవేనా అమ్మా?"

"ఇవేనండి. బిడ్డకు పాలల్లో కలిపినా ఇవే. కాస్తే విరుగుతాయి. విరిగినా అవే పోస్తన్నా."

ఆయన ఆ వారంలోనే గోడకు చిల్లి కొట్టించి అవతలి వైపు కుళాయి పెట్టించాడు. ఆయన భయపడ్డట్టే బిందెల తగువులూ వచ్చాయి. సాయంత్రాలు మా పెద్దమ్మ అక్కడ పీట వేసుకుని కూర్చుని వంతులు చూసేది. ఆ వేసవిలోనే మోటారు కూడా కాలింది. "చూశావా చెల్లెమ్మా, నేను ముందే చెప్పలా" అని ఆయన గొణుక్కున్నాడు, బాగు చేయించాడు. కుళాయి మాత్రం తీయించమనలేదు.

పెద్దయ్యాక ఆ రోజు గురించి చాలాసార్లు ఆలోచించాను. ఆయన ఉప్పు నీళ్లన్న మాట ఏళ్ల తరబడి విన్నాడు. విన్నది చెవితోనే. ఆ నీళ్లు నాలుక మీద పడ్డాక గాని తెలియలేదు. అంతకన్నా నన్ను పట్టుకున్నది పెద్దమ్మ తాగిన ఆ మొదటి గ్లాసు. తను తాగకుండా ఆయనకు పోసి ఉంటే అది నలుగురిలో ఒక మనిషిని వెక్కిరించడమయ్యేది. ఆయన మనసు మారేదో, పంతం పెరిగేదో.

పెళ్లయి నందిగామ వచ్చాక, రెండువేలు దాటిన రోజుల్లో, మా గుడిలో శనివారం అన్నదానం మొదలుపెట్టారు. స్టోరు తాళాలు నాకిచ్చారు. గింజ కింద పడితే ఊరుకోను, నా వెనక పిసినారి అంటారని తెలుసు, అననీ. చందాలిచ్చినవాళ్లు లోపలి హాల్లో ముందు తినేవారు. హమాలీలు, రిక్షావాళ్లు, బజారు ఊడ్చేవాళ్లు చివరి పంక్తిలో, బయట రేకుల షెడ్డులో. ఒక శనివారం ఆ పంక్తికి వడ్డించే ముందు వంటాయన పప్పులో వేడినీళ్లు పోయడం చూశాను. ఇదేంటని అడిగితే, "సరిపెట్టాలి గదమ్మా" అన్నాడు. నేనొక విస్తరాకు తీసుకుని వెళ్లి హమాలీల మధ్య కూర్చున్నాను.

అప్పటినుంచీ నా భోజనం ఆ పంక్తిలోనే. ఇప్పుడు మోకాళ్లు సహకరించవు, కింద కూర్చుంటే లేవడానికి ఒకళ్లు చెయ్యివ్వాలి. అయినా వెళ్లి కూర్చుంటాను. నా ముందు విస్తరి పడటం చూడగానే వంటాయన వేడినీళ్ల చెంబు పక్కన పెట్టి, గరిటె అడుగుదాకా దించి పప్పు కలుపుతాడు.