నురగ రాని సబ్బుపొడి

ఏళ్ల తరబడి ఒక సబ్బు నురగను గుండెల మీద మోస్తున్నానంటే మీకు నవ్వు రావచ్చు. నవ్వండి. నాకూ వస్తుంది. నురగకు బరువేముంటుంది, ఊదితే పోయేదానికి? కానీ ఇది పోలేదు. మా బావ నాతో నవ్వుతూ మాట్లాడిన ప్రతిసారీ గొంతు దాకా వస్తుంది, అక్కడే ఆగిపోతుంది.

మా చర్చి సంఘంలో ప్రతి ఆదివారం పాపాల ఒప్పుకోలు ఉంటుంది. అందరం కలిసి ఒకే గొంతుతో పుస్తకంలో ఉన్నది చదువుతాం. అందులో అన్ని రకాల తప్పులూ ఉంటాయి, సబ్బుపొడి తప్ప. అంతమంది గొంతుల్లో నా గొంతు కలిసిపోతుంది, నేను హాయిగా ఇంటికొచ్చి కోడికూర వండుకుంటాను. విడిగా ఒక మనిషి ముందు కూర్చుని చెప్పుకునే అలవాటు మాకు లేదు. అందుకే మీకు చెప్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. ఇద్దరికీ సుఖం.

మాది సూళ్లూరుపేట. ఉప్పునీటి సరస్సు దగ్గర కాబట్టి మా వీధిలో ఏ బోరు వేసినా ఉప్పునీళ్లే. తలస్నానం చేస్తే జుట్టు కొబ్బరి పీచులా నిలబడుతుంది. అలాంటి ఇంట్లోకి మా ఆయన ముచ్చటపడి ముందువైపు అద్దం తలుపు ఉన్న వాషింగ్ మిషన్ కొన్నారు. బిగించడానికి వచ్చినతను నాకు ఒక్కటే చెప్పాడు. ఇది నీళ్లు చాలా తక్కువ తాగుతుంది, దీనికి నురగ పడదు. నురగ ఎక్కువైతే బట్టలు ఒకదాన్నొకటి రుద్దుకోవు, జారిపోతాయి, మురికి వదలదు, పైగా మిషన్ ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది.

దానికి తగ్గ పొడి బజారులో దొరుకుతుంది. దొరికితే ఏం, ఆ వాసనకు నాకు తుమ్ములే తుమ్ములు. సరే, మనమే చేసుకుందాం అనుకున్నాను. పెద్ద విద్యేమీ కాదు. బట్టల సోడా, వెలిగారం, వాసన లేని బార్ సబ్బు తురుము. సబ్బును ఎండలో పెట్టి గట్టిపడనిచ్చి క్యారెట్ తురిమే పలకమీద తురమాలి. మొదటిసారి తురిమి పళ్లెంలో ఆరబెడితే మా ఆయన కొబ్బరి అనుకుని ఉప్మాలో చల్లుకున్నారు. సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. మాట్లాడే పరిస్థితిలో లేరు కూడా.

మొదట సబ్బు తక్కువే వేశాను. బట్టలు బాగానే వచ్చాయి. కానీ అద్దంలోంచి చూస్తే లోపల ఒక్క బుడగ లేదు. నురగ పడదని చెవిన వేసుకున్నదాన్నే, అయినా నురగ కనపడకపోతే ఉతికినట్టే అనిపించలేదు. ఇంకాస్త సబ్బు కలిపాను. బుడగ లేదు. ఇంకాస్త. అప్పటికీ లేదు. చివరికి పొడిలో సోడా కంటే సబ్బే ఎక్కువైంది, నురగ మాత్రం పూచికపుల్లంత కూడా రాలేదు. అప్పుడు నేనేం అనుకోవాలి? మా నీళ్లు ఉప్పువి కదా, సబ్బును విరగ్గొడుతున్నాయి కదా అనుకోవాలి. ఈ సంగతి మా వీధిలో పిల్లలకు కూడా తెలుసు. నేను మాత్రం నా చేతి మహిమ అనుకున్నాను. ఎంత సబ్బు వేసినా నురగ రాని పొడి కనిపెట్టానని స్త్రీల సమాజంలో చాటింపు వేసుకున్నాను. నాకు పొగడ్తలంటే పిచ్చి. ఇది కూడా ఒప్పుకోలులోకే వస్తుందనుకుంటాను.

ఇక మా బావ గురించి చెప్పాలి. మా అక్కను బుచ్చిరెడ్డిపాలెంలో ఇచ్చారు. బావది వడ్ల వ్యాపారం. గుప్పెట్లోకి గింజలు తీసుకుని, రెండుసార్లు ఆడించి, తేమెంతో తాలెంతో చెప్పేస్తాడు. మిల్లులోనే కాదు, ఇంట్లోనూ కొలత ఆయనదే. బియ్యం ఎసట్లో పోసేది అక్కే అయినా ఎన్ని గుప్పెళ్లో చెప్పేది బావ. వేసవిలో ఆవకాయ పెట్టేటప్పుడు ఆ వీధి వీధంతా ఆయన్ని పిలుచుకుపోయేది. ఉప్పు ఆయన చేత్తో పడాల్సిందే. "మీ బావ చెయ్యి తక్కెడమ్మా" అని ఎదురింటి అత్త నాతో అన్నప్పుడు ఆయన వినిపించుకోనట్టు పంచె సర్దుకున్నాడు గానీ, చెవులు ఎర్రబడ్డాయి. ఆ మనిషికి ఉన్న గొప్ప అంతా ఆ ఒక్క చేతిలోనే ఉండేది.

నన్ను చూసి అక్క కూడా అద్దం తలుపు మిషనే కొంది. ఆ ఏడు వాళ్ల సంఘ వార్షికోత్సవానికి నేను వెళ్లాను, ఒక పెద్ద డబ్బా నిండా నా పొడి పట్టుకుని. పాట పాడే ఆడవాళ్ల తెల్ల చీరలన్నీ అక్క ఇంటికే వచ్చాయి. సాయంత్రం ప్రార్థన కూటానికి కట్టుకోవాలి. అక్క వంట హడావిడిలో ఉంది. మిషన్‌తో ఆడుకోవడం బావకు సరదా. ఎన్ని గరిటెలు వేయాలని నన్ను అడిగి, నేను చెప్పినంత వేసి, మీట నొక్కి, అద్దం ముందు పీట వేసుకుని కూర్చున్నాడు.

బుచ్చి నీళ్లు కాలవ పక్క నీళ్లు. తియ్యటివి. అది నాకు ఆ క్షణంలో గుర్తుకు రాలేదు.

ముందు అద్దమంతా తెల్లబడింది. చీరలు కనపడటం మానేశాయి. "బలే ఉతుకుతోందే" అని బావ మురిసిపోయాడు. తర్వాత పొడి వేసే సొరుగులోంచి నురగ తొంగిచూసింది. ఆ తర్వాత ఇక తొంగిచూడలేదు, దర్జాగా దిగి నడిచి వచ్చింది. గడప దాటింది, వంటింట్లోకి వెళ్లింది, గారెల పిండి దగ్గర ఆగింది. మిషన్ కుయ్యోమని అరిచి ఆగిపోయింది. అక్క అంతకంటే గట్టిగా అరిచింది. ఆ సాయంత్రం కూటంలో పాటగుంపు చీరలు సగం తడిగా, గరగరలాడుతూ, ఒళ్లంతా వదలని సబ్బుపొడితో ఉన్నాయి. ఒకావిడకు పల్లవి మధ్యలో తుమ్ములు ఆగలేదు.

ఇప్పటిదాకా ఇది నవ్వుకునే కథే. నా తప్పు ఇక్కడినుంచి మొదలవుతుంది.

నురగ ఎత్తిపోసి పెరట్లో కుళాయి కింద చేతులు పెట్టాను. వేళ్ల సందుల్లో నా పొడి కాస్త అంటుకుని ఉంది. ఆ కాస్తకే మోచేతుల దాకా నురగ లేచింది. చూస్తూ నిలబడ్డాను. మొత్తం అర్థమైపోయింది. మా ఊళ్లో నురగను మింగింది ఉప్పునీళ్లు, మెప్పు మింగింది నేను. లోపలికి వెళ్లి ఈ రెండు ముక్కలూ చెప్తే అయిపోయేది. అందరూ నవ్వేవాళ్లు, నేనూ నవ్వేదాన్ని.

లోపల బావ లుంగీ ఎగ్గట్టి నురగ మధ్యలో నిలబడి ఉన్నాడు. అక్క ఆయన మీద విరుచుకుపడుతోంది, నీ చేతి కొలతలు మిల్లులో పెట్టుకో, డబ్బా సగం కుమ్మరించావు అని. ఆయన నా వైపు తిరిగాడు.

"అమ్మాయ్, నువ్వు చెప్పినట్టే ఒక్క గరిటే వేసినాను గదా. నిజంగా ఎక్కువైందంటావా?"

ఎగతాళిగా అడగలేదు. తెలుసుకోవాలని అడిగాడు. నేను చెప్తే నమ్ముదామని అడిగాడు.

"ఏమో బావా, వడ్లనుకుని దోసిళ్లతో పోసినావేమో!" అన్నాను.

అక్క పకపకా నవ్వింది. మరదలు బావను ఆట పట్టిస్తే తప్పు పట్టేదెవరు? అందుకే కదా ఆ మాట అంత సులువుగా నోట్లోంచి వచ్చింది. ఏడిపించడం మా హక్కు. ఆ హక్కు చాటున అబద్ధం దాచేశాను. వేరే ఎవరితోనైనా అయితే అబద్ధమాడటానికి కాస్త తడుముకునేదాన్ని. ఆయనా నవ్వాడు, కానీ ఒక క్షణం ఆగి నవ్వాడు. ఆ క్షణంలో తన అరచేతిని తిప్పి చూసుకున్నాడు.

ఎందుకన్నాను ఆ మాట? నా పొడి పరువు కోసం. అంతే. ఇంకేదైనా కారణం దొరుకుతుందేమోనని ఇన్నేళ్లూ వెతికాను. కంగారులో అన్నానా? కాదు, నింపాదిగానే అన్నాను. అక్క కోపానికి భయపడ్డానా? అక్క కోపం అప్పడం లాంటిది, విరిగి ముక్కలవడానికి ఎంతోసేపు పట్టదు. పరువే. సబ్బుపొడి పరువు!

ఇంటికొచ్చి గుట్టుగా పొడి సరిచేశాను. తాగడానికి తెప్పించుకునే క్యాను నీళ్లు సీసాలో పోసి, చిటికెడు పొడి వేసి, గిలకొట్టి చూసేదాన్ని. నురగ పైకి లేస్తే సబ్బు తగ్గించడం, మళ్లీ గిలకొట్టడం. క్యాన్లు ఎందుకిలా అయిపోతున్నాయని మా ఆయన అడిగితే ఎండలు ముదిరాయన్నాను. చివరికి సబ్బు నామమాత్రంగా మిగిలి, సోడా, వెలిగారం పని చేసే పొడి తయారైంది. అది నిజంగా మంచి పొడి. ఏ ఊరి నీళ్లలోనైనా బుద్ధిగా ఉంటుంది. అక్కకు కొత్త డబ్బా పంపాను. "చూసినావా, నేను వేస్తే రాలేదు నురగ" అని అక్క బావను దెప్పింది. బావ ఒప్పుకున్నాడు. అయ్యో, ఆయన ఒప్పుకున్నాడండీ.

ఆ తర్వాత వచ్చిన వేసవిలో ఆవకాయ రోజున నేను అక్కడే ఉన్నాను. ముక్కలు, కారం, ఆవపిండి, నూనె అన్నీ ముందు పెట్టుకుని అక్క ఉప్పు కోసం బావను కేకేసింది. అలవాటు కొద్దీ కేకేసిందే, కోపం ఎప్పుడో పోయింది. బావ వచ్చాడు, ఉప్పులో చెయ్యి పెట్టాడు, పైకి తీశాడు. కాసేపు ఆ గుప్పెడు వంక చూసి మళ్లీ ఉప్పు జాడీలోనే వదిలేశాడు. "గ్లాసుతో కొలుచుకోండి, నా చెయ్యి ఈ మధ్య ఎక్కువ పడతాంది" అని దులుపుకుని వెళ్లిపోయాడు. ఆ ఏడు ఆవకాయకు బూజు పట్టింది. వీధిలో వాళ్లు పిలిచినా ఆయన వెళ్లడం మానేశాడు. చిన్న విషయమే. మనిషి బాగానే ఉన్నాడు, తింటున్నాడు, మిల్లుకు వెళ్తున్నాడు, నాతో పరాచికాలాడుతున్నాడు. ఆ చెయ్యి మీద ఆయనకున్న నమ్మకం ఒక్కటే పోయింది. తీసింది నేను.

దాంతో ఊరుకున్నానా? లేదు. ఇప్పుడు ఎక్కడెక్కడి సంఘాల వాళ్లో పిలిచి ఈ పొడి చేయడం నేర్పమంటారు. నేను వెళ్తాను, మంచి చీర కట్టుకుని. సబ్బు ఎందుకు తక్కువ వేయాలో చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నా దగ్గర ఒక పిట్టకథ ఉంది. మా బావ ఒకసారి డబ్బా సగం కుమ్మరించాడు, నురగ గారెల పిండి దాకా నడిచొచ్చింది అని. నడక కూడా చేసి చూపిస్తాను. జనం కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతారు. చెప్పగా చెప్పగా ఎంత బాగా కుదిరిందంటే, ఒక్కోసారి అలాగే జరిగిందని నేనే నమ్మేస్తాను. బుచ్చి సంఘంలో చెప్పినప్పుడు బావ చివరి బెంచీలో కూర్చుని అందరితోపాటు చప్పట్లు కొట్టాడు.

మొన్న అక్క పాత మిషన్ మూలపడింది. కొత్తది వచ్చింది. బావ నిన్న ఫోన్ చేశాడు. "అమ్మాయ్, నువ్వొచ్చి మొదటి మూట వెయ్యి. నేను ముట్టుకోనులే, అందరం పొడిగా ఉండొచ్చు" అని నవ్వాడు. రేపు పొద్దున రైలెక్కాలి. డబ్బా నింపి పెట్టాను. ఇది రాస్తుంటే పక్కగదిలో మా మిషన్ తిరుగుతోంది, నురగ లేకుండా, బుద్ధిగా.

రేపు ఆయనతో చెప్తానా? చెప్పాలనే ఉంది. కానీ నా సంగతి నాకు బాగా తెలుసు. గడపలో అడుగు పెట్టగానే ఆయన ఏదో అంటాడు, నేనేదో అంటాను, అక్క నవ్వుతుంది, మాట అందులో కొట్టుకుపోతుంది. చెప్పినా ఆయన "పోనీలేమ్మా" అనేస్తాడేమో, ఆ మాట తీసుకోవడానికి నాకు మొహం లేదు. మీరూ అనకండి. ఊరికే వినండి చాలు.

ఇంకొకటి ఉంది. ఇందాకటినుంచీ దాటేస్తూ వస్తున్నాను. పొడి సంగతి కుళాయి దగ్గర తెలిసిందన్నాను. అది నిజమే. కానీ బావ చెయ్యి సంగతి తెలుసుకోవడానికి నాకు కుళాయి అక్కర్లేదు. ఆ పొద్దున నేను కాఫీ గ్లాసు పట్టుకుని మిషన్ పక్కనే ఉన్నాను. ఆయన గరిటె నింపాడు. పైన కాస్త గుట్టగా ఉంటే చూపుడువేలితో మెల్లగా గీసి, ఆ రాలినదాన్ని మళ్లీ డబ్బాలోనే వేశాడు.

ఒక్క గరిటే వేశాడు. సమంగా వేశాడు. నేను చూశాను.

అమ్మయ్య.