టిఫిన్ డబ్బా బరువు

ఎనభైల మొదట్లో టాటానగర్ స్టేషన్‌లో, ఆడవాళ్ళ వెయిటింగ్ రూమ్‌లో కూర్చున్నాను. ఒళ్ళో కాగితాలు, చేతిలో మూత తీయని కలం. నా కథలో పొద్దున పెళ్ళాంతో గొడవపడి డ్యూటీకి వెళ్ళిన మనిషి సాయంత్రం తిరిగి వచ్చాడు. ఆమె తలుపు తీసింది. తీసి ఏమంటుందో నాకు తోచక, నెలల తరబడి అతన్ని గుమ్మంలోనే నిలబెట్టేశాను.

పక్కన బఠాణీలు ఒలుచుకుంటున్న పెద్దావిడ "ఏటమ్మా రాత్తన్నావు?" అంది. ఇంట్లోవాళ్ళు అడిగితే విసుక్కునేదాన్ని. ముక్కూ మొహం తెలియని ఆవిడకి మాత్రం కథంతా చెప్పేశాను.

"ఏటీ అనదు," అందావిడ తల ఎత్తకుండా. "మాది ఈ ఊల్లోనే, గోల్‌మురిలో కంపినీ క్వార్టర్సు. మాయాయన డూటీ నుంచొత్తే నాను ముందు సేతిలో డబ్బా అందుకుంతాను. బరువుంటే తిన్లేదని తెలిసిపోద్ది. కోపం సల్లారిందో లేదో ఇంక అడగక్కర్లేదు. మీవోడి డబ్బా ఎలగున్నాది?"

నేనెప్పుడూ ఆ డబ్బా వైపు చూడలేదు. అప్పుడే మొదటిసారి చూసి, "బరువుగానే ఉందండి," అన్నాను.

"మరి కాళీ కడుపుతోటి ఇన్నాళ్ళు నిలబెట్టేసేవా?" అని నిజంగానే కోప్పడింది.

ఇంతలో ఆవిడ బండి వచ్చింది. బఠాణీలు కొంగున మూట కట్టుకుని, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"సివరికి తిన్నాడా?"

"తిన్నాడండి."

అతను తిన్నట్టు అప్పటికి నేను ఒక్క ముక్కా రాయలేదు. కానీ ఆవిడకి చెప్పేశాక తప్పుతుందా? కలం మూత తీసి, నా బండి వచ్చేలోగా ఆ మనిషికి అన్నం పెట్టించాను.