వేలాడే కేబుల్ కొన

నేను ఎనిమిదో క్లాసులో బడి మానేసినాను. నా మీద ఆశ టీచర్లు ఆరులోనే మానేసినారు. అయినా కోలారు దగ్గర వేమగల్‌లో ఒక ఫ్యాక్టరీలో నెట్‌వర్క్ కేబుళ్లు లాగే పని దొరికింది. మా నాయన కేజీఎఫ్ బంగారు గనిలో ఎలక్ట్రీషియన్. "వైరు కొన వేలాడనీయొద్దురా, ప్రాణం తీస్తాది" అని గని మూతపడినాక కూడా చెప్తానే ఉండె.

ఒకరోజు కంప్యూటర్లన్నిటినీ కలిపే స్విచ్ పెట్టె దగ్గర ఒక కేబుల్ కొన వేలాడతా కనిపించింది. నాయన మాట గుర్తొచ్చి, రెండో కొన అదే స్విచ్‌లో ఉందని చూడకుండా, దీన్నీ ఖాళీ పోర్టు కన్నంలో దూర్చినాను. ఆ రెండు కొనల మధ్యా డేటా తిరిగి తిరిగి పొంగి, అయిదు నిమిషాల్లో కంప్యూటర్లన్నీ బిగుసుకుపోయినాయి. గేట్ పాస్ ప్రింటు కాక లోడు లారీలు నిలిచిపోయినాయి.

"ఎవురప్పా ఈ పని చేసింది? వాణ్ణి ఈ పొద్దే ఇంటికి పంపిస్తా!" అని మేనేజరు అరుస్తా వచ్చినాడు.

నెట్‌వర్క్ ఇంజనీరు స్టెల్లమ్మ ఆ కేబుల్ పీకి, నా మొహం చూసింది. "స్టార్మ్ కంట్రోల్ పెట్టకుండా వదిలింది నేనే సార్, తప్పు నాది" అనింది. తర్వాత ప్రతి పోర్టుకూ ఆ స్టార్మ్ కంట్రోల్ హద్దు పెట్టింది. డేటా వరదలా పొంగితే ఇంగ ఆ ఒక్క పోర్టే మూసుకుంటాది.

నాయన మాట గనికి సరే. ఇక్కడ కొంప ముంచింది వేలాడే కొన కాదు, నేను దూర్చిన కొన.

"ఇంగ నేను యాడ దూర్చినా భయం లేదు కదమ్మా?" అన్నాను.

"స్విచ్‌లకు హద్దు పెట్టినానప్పా. నీ చేతులకు పెట్టేది ఇంకా ఎవురూ కనిపెట్టలేదు."