బయటికి పోనివ్వని మామిడితోట

మా ముత్తాత కొల్లాపూర్ సంస్థానం కింద పటేల్‌గిరీ చేసినవాడు, మా తాత వస్తుంటే కచేరీ అరుగు మీది జనం లేచి నిలబడేవారు, నాయిన కాలానికి ఆ లేవడాలు పోయినా మామిడితోట మాత్రం మిగిలింది. ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, ఈ పొద్దు పేపర్లో ఎవరో మహానుభావుడు, మగవాళ్లు గుడ్లు, పప్పులు బాగా తిని ప్రోటీన్ పెంచుకుంటే వీర్యకణాలు బలపడి పిల్లలు పుడతారని తేల్చిపారేశాడు. ఆ పేజీని పొయ్యిలో పెట్టాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో, పెళ్లయి ఏళ్లు గడిచినా మాకు సంతానం లేదు. తోట చీలిపోవద్దని మా తాత, నాయిన ఇద్దరూ మేనరికాలే చేసుకున్నారు. మేనత్త కూతురిని కాదని నకిరేకల్ పిల్లను చేసుకున్న మొదటివాణ్ని నేనే. ఇంకేముంది, లోపం ఆ బయటి పిల్లదేనని మేనత్త ఊరంతా చాటింది, నా భార్య చేత తాగరాని పసర్లు తాగించింది, చివరికి ఆమెను పుట్టింటికి పంపే రోజు కూడా తానే ఖాయం చేసింది.

ఆ రోజు రాకముందే నా భార్య పట్టుబట్టి నన్ను హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోయింది. మా వంశంలో మగవాడికి పరీక్షలా అని నేను బిగుసుకునే కూర్చున్నాను. ఆమె పోరు పడలేక చివరికి పరీక్ష చేయించుకుంటే అసలు సంగతి తేలింది. వీర్యకణం తయారయ్యేటప్పుడు దాని తలకు టోపీలాంటి పొర అతుక్కోవాలట, అతికించి ఉంచేది ఒక ప్రోటీనట, నా ఒంట్లో అది పుట్టదు గనుక టోపీ జారిపోయి, తలలు ఉత్త గుండ్రంగా మిగిలి, అండంలోకి చొరబడలేవట. ఇది తిండితో వచ్చేది కాదని, తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే లోపం అందితే వచ్చేదని చెప్పి, మీ ఇంట్లో దగ్గరి సంబంధాలున్నాయా అని అడిగింది డాక్టరమ్మ. పదిమందిలో మీసం దువ్వి చెప్పుకునే మేనరికాల సంగతిని ఆ గదిలో దాచకుండా చెప్పాను.

ఇంటికొచ్చి ప్రోటీన్ లేదనగానే, మనింట్ల తిండికేం తక్కువైందని అమ్మ కళ్లొత్తుకుంది. నేను మేనత్త వైపు తిరిగాను.

"లోపం నాది అత్తా. తోట కోసం మీరు చేసుకున్న పెండ్లిళ్లు నాకిచ్చింది గిదే. నా పెండ్లాం యాడికీ పోదు."

"పట్నమోళ్లు చెప్తే మన నెత్తురునే తిడ్తవా అల్లుడా? అది నేర్పి తోలుకొచ్చింది నిన్ను."

ఆమె మళ్లీ మా గడప తొక్కలేదు, నేను పిలవలేదు.

ఇప్పుడు మా వైపు పిల్లలు మేనరికమంటే నవ్వుతారు, నన్ను చూసి లేచి నిలబడేవాడు కూడా లేడు. పంచుకునే పిల్లలే లేని తోటను నిరుడు జడ్చర్ల వ్యాపారికి అమ్మేశాను.